కబురు: చంద్రగిరి నీడ, అల్మాటి నీడ

జులై 9

పోయిన ఏడాది ఏం జరిగిందో ముందు రాసుకోవాలి. మా ఎనిమిదో తరగతి పిల్లలను వేరే దేశంలోని ఒక బడితో ఆన్‌లైన్‌లో కలిపాను. మా వైపు నుంచి 34 ఉత్తరాలు వెళ్లాయి. "నా పేరు ఫలానా. మాది చంద్రగిరి దగ్గర పల్లె. నాకు కబడ్డీ ఇష్టం. నీకేం ఇష్టం?" మొదటి వారం తరగతిలో పండగే. రెండో వారానికి జవాబు వచ్చినవాళ్లు, రానివాళ్లు అని పిల్లలు రెండుగా చీలిపోయారు. ఒక పిల్లవాడు రోజూ బడి గంట కొట్టకముందే నా దగ్గరికి వచ్చి "మేడం, నాకేమైనా వచ్చిందా?" అని అడిగేవాడు. నాలుగో వారానికి అడగడం మానేశాడు. ఆ మొహం నాకింకా కళ్లలో ఉంది.

వేసవి సెలవులంతా దీని గురించే ఆలోచించాను. ఉత్తరాలు రాసుకోవడం మంచిదే. కానీ అటు నుంచి ఉత్తరం రాకపోయినా ఇటు ఎవరి పనీ ఆగదు. అందుకే ఎవరూ గట్టిగా పట్టుకోలేదు. ఈసారి అటువాళ్ల అంకె చేతికొస్తే తప్ప మన లెక్క తెగని పని ఒకటి కావాలి.

ఇలా బళ్లను కలపడం కొత్తేమీ కాదు. 1988లో న్యూయార్క్, మాస్కో బళ్ల మధ్య మొదలైన ప్రయత్నం తర్వాత ఐఎర్న్ అనే సంస్థ అయింది. ఇప్పుడది 140కి పైగా దేశాల్లో ఉంది. యూరప్‌లో 2005 నుంచి ఈట్విన్నింగ్ నడుస్తోంది. 1995లో పని మొదలుపెట్టిన గ్లోబ్ కార్యక్రమంలో పిల్లలు తమ ఊరి వాన, ఎండ, మబ్బులు కొలిచి పంపుతారు, శాస్త్రవేత్తలు ఆ కొలతలను వాడుకుంటారు. నాకు ఎక్కువ నచ్చింది ఈ మూడోదే. అక్కడ పిల్లవాడు పంపిన అంకె కోసం ఎదురుచూసేవాళ్లు ఉంటారు.

నేను ఎంచుకున్న పని భూమిని కొలవడం. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ చేసిన లెక్కే. ఈజిప్టులో సైయీన్ ఊళ్లో ఏడాదిలో పొడవైన పగటి రోజు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అదే రోజు ఉత్తరాన అలెగ్జాండ్రియాలో మాత్రం నీడ పడుతుంది. ఆ నీడ కోణం వృత్తంలో యాభయ్యో వంతు. అంటే ఆ రెండు ఊళ్ల మధ్య దూరం భూమి చుట్టుకొలతలో యాభయ్యో వంతు. ఒక ఊరి నీడతో ఈ లెక్క కాదు. రెండు ఊళ్లు కావాలి. నాకు కావలసింది సరిగ్గా అదే.

ఆగస్టు 18

రెండో ఊరు దొరికింది. ఉపాధ్యాయుల ఆన్‌లైన్ సమావేశం ఒకదానిలో కజకిస్తాన్‌లోని అల్మాటి నుంచి ఒక భూగోళం టీచరమ్మ మాట్లాడారు. ఆమె మాట పూర్తయ్యేలోపు నేను అట్లాసు తెరిచాను. అల్మాటి రేఖాంశం 77 డిగ్రీలకు కాస్త తక్కువ. మా చంద్రగిరిది 79.3. అంటే మా ఊరి నుంచి నేరుగా ఉత్తరానికి గీత గీస్తే, కొంచెం పడమరగా అల్మాటి ఉంటుంది. అక్షాంశాల్లో మాత్రం దాదాపు 30 డిగ్రీల తేడా. ఈ లెక్కకు ఇంతకంటే మంచి జోడీ దొరకదు. గడియారాలు కూడా దగ్గరే. 2024 మార్చి 1న కజకిస్తాన్ దేశమంతా ఒకే సమయానికి మారింది కాబట్టి ఇప్పుడు అల్మాటి మనకంటే అరగంట మాత్రమే వెనక. అక్కడ బళ్లు సెప్టెంబరు 1న తెరుస్తారు. అప్పటిదాకా మేం ఇక్కడ సాధన చేసుకోవాలి.

ఈ రోజు మొదటి సాధన. మా అక్షాంశం 13.6 డిగ్రీలు కాబట్టి ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి, సూర్యుడు మా నడినెత్తికి వస్తాడు. ఈసారి అది వారాంతంలో దాటిపోయింది. అయినా ఈ రోజు 12 గంటల 17 నిమిషాలకు మీటరు కర్ర నిలబెడితే సెంటీమీటరు నీడ కూడా లేదు. పిల్లలు కర్ర చుట్టూ మూగి నీడ కోసం వెతికారు. ఒకడు తన కాళ్ల కింద చూసుకుని "మేడం, నా నీడ యాడ పోయింది?" అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న వాడి దగ్గరే కాసేపు ఉండనిచ్చాను.

సెప్టెంబరు 9

అల్మాటి నుంచి మొదటి వీడియో వచ్చింది. పిల్లలు తమ టీచరును "అపాయ్" అని పిలుస్తున్నారు. మావాళ్లు గొల్లున నవ్వారు, అపాయం అనుకుని. ఇద్దరు ముస్లిం పిల్లలు మాత్రం నవ్వలేదు. "మా ఇంట్లో అక్కను ఆపా అంటాం మేడం" అన్నారు. ఆ మాట నిజమే. అక్కడ ఆడ టీచరును అక్క వరసలో గౌరవంగా అలా పిలుస్తారు. ఆ పిల్లలిద్దరూ తరగతిలో పెద్దగా మాట్లాడరు. ఈ రోజు వాళ్లే మాకు దుబాసీలు.

దాంతో మాటల వేట మొదలైంది. కజక్ భాషలో పుస్తకం కితాప్. కలం కలమే. బజారు బజారే. దుకాణం దుకెన్. టీ శై. ప్రపంచం దునియె. అరబ్బీ, పారసీ మాటలు అటు ఆ గడ్డి మైదానాలకూ ఇటు మన రాయలసీమకూ ఎన్నో వందల ఏళ్ల కిందటే చేరాయి. పిల్లలు నోటుబుక్కు చివరి పేజీలో పట్టీ రాసుకుంటున్నారు. వాళ్ల పట్టీలో "ఖబర్" అని వచ్చింది. వార్త అని అర్థం. రెండో బెంచీ అమ్మాయి లేచి "మేడం, అది మన కబురు" అంది. ప్రాజెక్టుకు అప్పటిదాకా నేను పెట్టిన పొడుగాటి పేరు ఒకటి ఉండేది. దాన్ని అక్కడికక్కడే కొట్టేసి "కబురు" అని రాశాం. అల్మాటి వాళ్లకూ ఈ పేరే నచ్చింది.

సెప్టెంబరు 15

అనువాదంతో ఇబ్బంది. ఇంగ్లీషు రెండు వైపులా నేర్చుకుంటున్న భాషే. అందుకే పిల్లలు ముందు తెలుగులో రాసి, ఫోన్‌లో అనువదించి, దాన్ని సరిచూసి పంపుతున్నారు. "ఒక మీటరు శంకువు నాటండి" అని రాశారు. అటు నుంచి ప్రశ్న వచ్చింది: కోన్ అట్టతో చేయాలా, రేకుతోనా? మన లెక్కల పుస్తకంలో శంకువు అంటే కోన్. మా పిల్లలు రాసింది పాత అర్థంలో.

ఆ పాత అర్థం నేను చెప్పిందే. నీడ కొలిచే నిటారు కర్రను మన జ్యోతిష గ్రంథాల్లో శంకువు అన్నారు. దాని పొడవు 12 అంగుళాలుగా తీసుకునేవారు, అంటే వేలి వెడల్పులు. పగలూ రాత్రీ సమానమైన విషువత్తు రోజు మధ్యాహ్నం దానికి పడే నీడను పలభ అంటారు. ఆ నీడ ఎంతో తెలిస్తే ఆ ఊరి అక్షాంశం తెలిసినట్టే. మా ఊరికి అది 2.9 అంగుళాలు రావాలి. ఊళ్లో ఏ కొత్త కట్టడం దగ్గర చూసినా శంకుస్థాపన అని రాతిపలక ఉంటుంది. ఆ మాటలో ఉన్న శంకు ఇదేనని చెప్పగానే పిల్లలు బడి గేటు దగ్గరి పలక చూడడానికి పరుగెత్తారు.

ఇకనుంచి ఒక నియమం పెట్టుకున్నాం. ప్రతి వస్తువు పేరు పక్కన బొమ్మ గీసి పంపాలి. బొమ్మకు అనువాదం అక్కర్లేదు.

ఇంకో నియమం మొదటి రోజు నుంచే ఉంది. పిల్లల సొంత ఫోన్లు, నంబర్లు ఏవీ వాడం. అన్నీ బడి మెయిల్ నుంచే. తల్లిదండ్రుల సంతకం లేకుండా ఏ బిడ్డ మొహమూ వీడియోలో ఉండదు. నలుగురి ఇళ్లలో ఒప్పుకోలేదు. ఆ నలుగురూ కొలతలు రాసే జట్టులో ఉన్నారు. వాళ్ల చేతిరాత మాత్రం అల్మాటికి వెళ్తుంది.

సెప్టెంబరు 23

విషువత్తుకు కొలుద్దామని రెండు నెలలుగా అనుకుంటున్నది. దసరా సెలవులు. అయినా 11 మంది వచ్చారు. ఒక పిల్లవాడు పాకాల దగ్గర వాళ్ల అమ్మమ్మ ఊరి నుంచి పొద్దున బస్సెక్కి వచ్చాడు. మా దగ్గర అసలు మధ్యాహ్నం, అంటే సూర్యుడు ఆ రోజుకి అన్నిటికంటే ఎత్తున ఉండేది, 12 గంటల 5 నిమిషాలకు.

మబ్బు. పదకొండున్నరకు ఒక్క రెండు నిమిషాలు ఎండ తొంగిచూసింది. కర్ర నీడ కనబడగానే అందరూ కేకలు వేశారు. మళ్లీ మూసుకుంది. 12:40 వరకు నిలబడ్డాం. "మబ్బు పట్టుకొనే ఉండాది మేడం, పోదామా?" అని ఒక అమ్మాయి మెల్లగా అడిగింది.

ఇంటికి వచ్చేసరికి అల్మాటి మెయిల్ ఉంది. వాళ్లకు ఎండ బాగా కాసింది. మీటరు కర్రకు 94 సెంటీమీటర్ల నీడ. కింద ఇంగ్లీషులో ఒకే వాక్యం: మీ అంకె పంపండి, మేం బోర్డు మీద ఖాళీ వదిలాం.

ఆ ఖాళీ మాట చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టలేకపోయాను. జవాబు రాయడం నాకే కష్టమైంది. మబ్బు పట్టిందని, క్షమించమని రాశాను.

అక్టోబరు 8

సెలవుల తర్వాత తరగతిలో ఇదే మాట. మళ్లీ విషువత్తు అంటే మార్చి 20 వరకు ఆగాలని చెప్పాను. అందరూ చల్లబడిపోయారు.

అప్పుడు రెండో బెంచీ అమ్మాయి, కబురు పేరు పెట్టిన పిల్లే, చెయ్యెత్తింది. "మేడం, విషువత్తు రోజే ఎందుకు? ఏ రోజైనా ఇద్దరమూ ఒకే రోజు కొలిస్తే చాలదా?"

నేను సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాను. నిజమే కదా. సూర్యుడు ఉత్తరానికో దక్షిణానికో జరిగితే మా కోణం ఎంత మారుతుందో వాళ్ల కోణమూ అంతే మారుతుంది. మాకు కావలసింది ఆ రెండింటి తేడా. అది ఏ రోజైనా ఒకటే. ఎరటోస్తనీస్ కొలిచింది కూడా విషువత్తు నాడు కాదు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ మార్చి, సెప్టెంబరు అని నా బుర్రలో గట్టిగా కూర్చుండిపోయింది.

ఆ పిల్లను బోర్డు దగ్గరికి పిలిచి తనతోనే బొమ్మ గీయించాను. ఆ బొమ్మనే ఫొటో తీసి అల్మాటికి పంపాం. రెండు రోజుల్లో జవాబు వచ్చింది: సరే, రోజు మీరే చెప్పండి.

నవంబరు 27

వాన. వాయుగుండం, సెలవు, మళ్లీ వాన. మాకు ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి కాబట్టి ఎండ మీద ఆశ పెట్టుకోలేదు. జనవరి మొదట్లో వాళ్లకు చలి సెలవులు, తర్వాత మాకు సంక్రాంతి సెలవులు. ఫిబ్రవరి అనుకున్నాం.

ఖాళీగా కూర్చోలేదు. పిల్లలు తమ ఊరి బొమ్మపటాలు పంపుకున్నారు. మాకు తిరుమల కొండలు ఉత్తరాన. అల్మాటికి మంచు కొండలు దక్షిణాన. అక్కడివాళ్లు దారి చెప్పేటప్పుడు పైకి, కిందికి అంటారట. పైకి అంటే కొండల వైపు, అంటే దక్షిణం. పటంలో దక్షిణం కిందే కదా అని మావాళ్ల అనుమానం. తిరుపతిలో కొండపైకి అంటే ఏ దిక్కు అని నేను అడిగాను. కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు.

అల్మా అంటే ఆపిల్. ఇప్పుడు ప్రపంచమంతా తింటున్న ఆపిల్‌కు మూలమైన అడవి ఆపిల్ ఆ తియాన్ షాన్ కొండలదే. మావాళ్లు బదులుగా తోతాపురి మామిడి మీద మూడు పేజీలు రాశారు. రాసినవాడి నాన్న గుజ్జు ఫ్యాక్టరీకి కాయలు తోలుతాడు. లారీలో కాయ ఎలా పేరుస్తారు, ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్లు రాత్రంతా ఎలా వరస కట్టి ఉంటాయి, అన్నీ రాశాడు. పోయిన ఏడాది "నాకేమైనా వచ్చిందా" అని అడిగి మానేసిన పిల్లవాడు తనే. ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నా, సాయంత్రాలు వచ్చి ఈ జట్టులో కూర్చుంటున్నాడు. అల్మాటి నుంచి ఆ మూడు పేజీలకు తొమ్మిది ప్రశ్నలు వచ్చాయి. ఒక్కోదానికీ జవాబు రాస్తున్నాడు.

జనవరి 21

పరికరం సరిచేసుకున్నాం. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను. ఎవరైనా టీచరు ఇదే పని చేయాలనుకుంటే పనికొస్తుంది.

మొదటి సమస్య నేల. మా బడి ఆవరణలోని సిమెంటు నేల చదునుగా ఉందనుకున్నాం. ఒక అమ్మాయి వాళ్ల నాన్న బేల్దారి. ఆయన్ను పిలిస్తే రసమట్టం, గుండు దారం తెచ్చారు. రసమట్టం పెట్టి చూసి "వాన నీళ్లు పోవడానికి వాటం ఇచ్చినారు మేడం, ఇది సమం కాదు" అన్నారు. తనే ఒక ప్లైవుడ్ ముక్క వేసి, కింద చెక్క పేళ్లు దూర్చి సమం చేసి పెట్టారు. కర్ర నిటారుగా ఉందో లేదో గుండు దారంతో ఎలా చూడాలో పిల్లలకు నేర్పారు. కూలి తీసుకోమంటే తీసుకోలేదు. "మా పాప కొలిచే పని కదా" అన్నారు. ఆ రోజు ఆ అమ్మాయి నడకే వేరుగా ఉంది.

రెండో సమస్య నీడ కొస. దగ్గరికి వెళ్లి చూస్తే అది మసకగా ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకే నీడ అంచు చెరిగినట్టు ఉంటుంది. కర్ర పొడవు మీటరే అయినా ఎక్కడిదాకా కొలవాలో ఒక్కొక్కరు ఒక్కో చోట చెప్పారు. లెక్కల సార్ ఉపాయం చెప్పారు: కర్ర కొసన చిన్న బెజ్జం ఉన్న అట్టముక్క అంటించండి. నీడ మధ్యలో గుండ్రటి వెలుగు చుక్క పడుతుంది. దాని నడిమి నుంచి కొలవండి. కర్ర ఎత్తు కూడా బెజ్జం దగ్గరికే కొలవాలి. ఇది చేశాక నలుగురు కొలిచినా రెండు మిల్లీమీటర్ల లోపే తేడా వస్తోంది.

మూడోది గడియారం. మధ్యాహ్నం అంటే 12 అని అందరి నమ్మకం. మన గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. మేం దానికి పడమరగా ఉన్నాం కాబట్టి మాకు సూర్యుడు 13 నిమిషాలు ఆలస్యం. దానికి తోడు ఏడాది పొడుగునా సూర్యుడు గడియారం కంటే కొన్నాళ్లు ముందు, కొన్నాళ్లు వెనక నడుస్తాడు. ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు వెనక. రెండూ కలిపితే మా అసలు మధ్యాహ్నం 12:27.

ఈ లెక్క నేను చెప్పకుండా పిల్లలతోనే కనిపెట్టిద్దామని ఉంది. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్న నిమిషం పట్టుకోవడం కష్టం. ఆ పది నిమిషాల్లో నీడ మిల్లీమీటరు కూడా మారదు. దానికి పాత పద్ధతి ఉంది. మధ్యాహ్నానికి ముందు ఒక నీడ పొడవు, సమయం రాసుకోవాలి. తర్వాత నీడ మళ్లీ అంతే పొడవుకు వచ్చిన సమయం రాసుకోవాలి. రెండింటికీ సరిగ్గా మధ్యలోదే మధ్యాహ్నం.

ఫిబ్రవరి 13

నిన్న రాత్రి టెన్షన్‌తో సరిగ్గా నిద్ర పట్టలేదు. పొద్దున లేచి మొదట ఆకాశం చూశాను. ఒక్క మబ్బు లేదు.

11:45కి ప్లైవుడ్ వేశాం. రసమట్టం బుడగ నడిమికి వచ్చింది. 34 మందిలో 33 మంది ఉన్నారు. రానిది జ్వరం వచ్చిన పిల్ల. ఆ పిల్ల పని వేరేవాళ్లకు ఇవ్వబోతే, వాళ్లన్న వచ్చి "ఫోన్‌లో సమయం చెప్తా ఉంటుందంట మేడం" అన్నాడు. అలాగే కానిచ్చాం.

12:07కి నీడ 52 సెంటీమీటర్లు. తర్వాత రెండేసి నిమిషాలకు ఒక చుక్క. నీడ తగ్గుతూ 51.0 దగ్గర ఆగిపోయింది. ఎంతసేపూ అక్కడే. ఆ తర్వాత మెల్లగా పెరగడం మొదలైంది. 12:47కి మళ్లీ 52. లెక్కల జట్టు కాగితం మీద కూడి సగం చేసి ఒక్కసారిగా అరిచారు: 12:27! వాళ్లకు నేనా అంకె ముందు చెప్పలేదు.

అల్మాటికి మా గడియారంలో 12:36కి మధ్యాహ్నం. డిజిటల్ బోర్డుకు నా ఫోన్ హాట్‌స్పాట్ కలిపి వీడియో కాల్ పెట్టాం. లోపల ఒక జట్టు, బయట కర్ర దగ్గర ఒక జట్టు. తెర మీద మంచు. పిల్లలంతా టోపీలు, కోట్లు వేసుకుని ఉన్నారు. మైనస్ 6 డిగ్రీలట. మంచు పారలతో తీసేసి చెక్కపలక వేశారు. నేల గడ్డకట్టి కర్ర దిగకపోతే బకెట్‌లో ఇసుక పోసి అందులో నిలబెట్టారు. వాళ్ల నీడ ఎంత పొడవో! మనిషి పడుకున్నట్టు మంచు మీద సాగి ఉంది.

మావాళ్లలో వాదన మొదలైంది. మా నీడ కొండల వైపు పడింది. తెరలో చూస్తే వాళ్ల నీడ కొండలకు ఎదురు దిక్కుకు పోతోంది. "వాళ్లకు నీడ దక్షిణానికి పడతాదా?" అని ఒకడు. "లేదురా, వాళ్ల కొండలు దక్షిణాన కదా" అని మామిడి పేజీలు రాసినవాడు. అందరూ ఒక్క నిమిషం ఆగి, చేతులతో దిక్కులు చూపించుకుని, తల ఊపారు. రెండు నీడలూ ఉత్తరానికే. నవంబరులో గీసిన ఆ బొమ్మపటాలు ఇలా అక్కరకొస్తాయని నేను అనుకోలేదు.

12:31కి కాల్ తెగిపోయింది. ఎంత ప్రయత్నించినా మళ్లీ కలవలేదు. భోజనం గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. వంట చేసే అక్క వచ్చి తలుపు దగ్గర నిలబడి ఏమైందని అడిగింది. అల్మాటి నుంచి అంకె రావాలని చెప్పారు. ఆమె కూడా నిలబడింది.

1:04కి మెయిల్. ఫొటోలో చెక్కపలక మీద టేపు, చేతికి ఎర్రటి ఊలు తొడుగు, ఒక అంకె: 150.

బోర్డు మీద మా ఖాళీ నిండింది.

ఫిబ్రవరి 17

ఎనిమిదో తరగతికి త్రికోణమితిలోని టాన్ తెలియదు. అందుకని గ్రాఫు కాగితం మీద పదో వంతు కొలతలతో త్రిభుజాలు గీశారు. కర్రకు 10 సెంటీమీటర్లు, నీడకు ఒకదానిలో 5.1, ఇంకోదానిలో 15. కోణమానినితో కొలిస్తే మాది 27 డిగ్రీలు, వాళ్లది 56. తేడా 29. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం పటంలో 3,290 కిలోమీటర్లు. 29 డిగ్రీలకు 3,290 అయితే 360కి ఎంత? 40,841 కిలోమీటర్లు.

లెక్కల సార్ పదో తరగతి పట్టికలతో చూస్తే కోణాలు 27.0, 56.3. తేడా 29.3. చుట్టుకొలత 40,423. ధ్రువాల మీదుగా భూమి అసలు చుట్టుకొలత దాదాపు 40,008 కిలోమీటర్లు. అంటే మేం తప్పింది నూటికి ఒకటి. ఒక కర్ర, ఒక టేపు, ఒక బకెట్ ఇసుక, బేల్దారి రసమట్టం. నూటికి ఒకటి! నేను స్టాఫ్ రూంలో అందరికీ చెప్పాను. ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను.

ఆ ఒకటి ఎక్కడ పోయిందని అల్మాటి పిల్లలే రాశారు. వాళ్లు బెజ్జం అట్ట పెట్టలేదట. నీడ కొస మూడు సెంటీమీటర్ల మేర మసకగా ఉందట. మేం బొమ్మ పంపడం మరిచిపోయాం. నా తప్పు అది. ఉపాయం మాకు జనవరిలో తెలిస్తే, వాళ్లకు చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

తరగతి చివర్లో ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. "మేడం, 3,290 అని పటానికి ఎట్లా తెలుసు? భూమి కొలత తెలిస్తేనే కదా పటం గీసేది?" చాలా పెద్ద ప్రశ్న. ఫోన్‌లో పటం ఇచ్చే దూరంలో భూమి కొలత ముందే దాగి ఉంది. అది లేకుండా కావాలంటే ఎవరో ఒకరు నేల మీద కొలిచి ఉండాలి. అలా కొలిచారు కూడా. 1802లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ గొలుసుతో ఆధార రేఖ కొలిచి మొదలుపెట్టిన సర్వే, త్రిభుజం మీద త్రిభుజం కలుపుకుంటూ 78 డిగ్రీల రేఖాంశం పొడుగునా ఉత్తరానికి సాగింది. దారిలో మన గుత్తి దగ్గర కూడా ఆధార రేఖ కొలిచారు. వచ్చే ఏడాది పని దొరికినట్టే ఉంది. చంద్రగిరి నుంచి ఉత్తరానికి మనమే నేల మీద కొలవగలిగిన దూరం ఎంత, దాని అవతలి కొసన నీడ కొలిచే బడి ఏది? ఆ పిల్లవాడి పేరు మీద ఆ ప్రశ్న చార్టు రాసి గోడకు అంటించాం.

మార్చి 10

ఉగాది ఈ నెల 19న. కజకిస్తాన్‌లో కొత్త సంవత్సరం నౌరిజ్ పండగ 21న మొదలవుతుంది. మధ్యలో 20న విషువత్తు. పిల్లలు పచ్చడి సంగతి రాశారు: వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లం, మామిడికాయ, ఉప్పు, కారం, ఆరు రుచులు. అటు నుంచి నౌరిజ్ కోజె అనే జావ సంగతి వచ్చింది. అందులో ఏడు వస్తువులు ఉంటాయి: నీళ్లు, మాంసం, కొవ్వు, ఉప్పు, పిండి, ధాన్యం, పాలు. ఆరా ఏడా అని ఇక్కడ చర్చ నడుస్తోంది. ఆ జావలో చేదు ఎందుకు లేదని ఒకమ్మాయి అడిగి పంపింది. జవాబు ఇంకా రాలేదు.

20న మళ్లీ కొలుస్తున్నాం. ఈసారి మూడో బడి కూడా చేరింది. మారిషస్‌లో తెలుగు నేర్పే ఒక టీచరు గారికి అల్మాటి టీచరమ్మే మా గురించి చెప్పారు. అక్కడ ఉగాది సెలవు రోజు. వాళ్ల ఊరు భూమధ్యరేఖకు దక్షిణాన 20 డిగ్రీల దగ్గర. విషువత్తు మధ్యాహ్నం అక్కడ నీడ దక్షిణానికి పడుతుంది. అంటే ఈసారి కోణాలు తీసివేయడం కాదు, కలపాలి. మావాళ్లకు ఇది ఇంకా చెప్పలేదు. అంకె వచ్చాక లెక్క ఎందుకు కుదరడం లేదో వాళ్లే చూస్తారు. రేఖాంశం కూడా మాకు చాలా పడమర కాబట్టి పటం మీద నేరు దూరం తీసుకుంటే తప్పు వస్తుంది. ఉత్తర దక్షిణ దూరం మాత్రమే తీసుకోవాలి. అదీ వాళ్లకు తగలాల్సిన రాయే.

మారిషస్ పిల్లలు తెలుగులో ఉత్తరం రాశారు. అక్షరాలు గుండ్రంగా, ఒక్కొక్కటి విడివిడిగా, ఎంతో శ్రద్ధగా ఉన్నాయి. మావాళ్లు ఆ కాగితం చేతులు మార్చుకుంటూ చదివారు. ఒత్తులు ఒక్కటీ తప్పలేదు. ఇద్దరు ముగ్గురు తమ నోటుబుక్కులు తీసి తమ రాత చూసుకున్నారు.

ముగ్గురికీ ఒకే కొలత బెజ్జం అట్ట బొమ్మ వెళ్లింది. ఎవరి గడియారంలో ఎప్పుడు కొలవాలో పట్టీ కూడా వెళ్లింది: అల్మాటి 12:00, చంద్రగిరి 12:20, మారిషస్ 12:17. మన సమయంలో అయితే మారిషస్ కొలత 1:47కి.

మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడి. 12:30కే వదిలేస్తారు. పైగా ఉగాది మరుసటి రోజు, సెలవు వచ్చినా రావచ్చు. సెలవైనా వస్తామని పిల్లలు అంటున్నారు. నిజంగా ఎంతమంది రెండు గంటల దాకా ఉంటారో చూద్దామని, ఇళ్లలో అడిగి రమ్మన్నాను. ఈ రోజుకు 27 సంతకాలు వచ్చాయి. వంట అక్క తనూ ఉంటానంది. బేల్దారి ఆయన రసమట్టం మా దగ్గరే వదిలి వెళ్లారు.

మబ్బు సంగతి మాత్రం ఆ రోజు పొద్దునే తెలుస్తుంది.